వృద్ధాశ్రమాలలో భోజన ఏర్పాట్లు

వృద్ధాశ్రమాలలో నివసించే పెద్దలకు ఆహారం వండి, వడ్డించి, అవసరమైన వారికి తినిపించే పద్ధతులన్నింటినీ కలిపి వృద్ధాశ్రమ భోజన ఏర్పాట్లు అని వ్యవహరించవచ్చును. ఇందులో వంటల ఎంపిక, వేళలు, భోజనశాల అమరిక, వడ్డన, మింగుడు సమస్యలున్నవారి సంరక్షణ, నివాసుల ఇష్టాయిష్టాలు ముఖ్యమైన అంశాలు. వృద్ధాశ్రమంలో వండిన ఆహారానికీ, నివాసి నిజంగా తిన్న ఆహారానికీ మధ్య చాలా తేడా ఉండవచ్చు. ఈ తేడాకు కారణాలు వంటగదిలో కంటే భోజనశాలలోనే ఎక్కువగా కనిపిస్తాయి. అందువలన పెద్దల పోషణను మెరుగుపరచడమంటే మంచి సరుకులు కొనడం మాత్రమే కాదు, వారు తినే వేళను మెరుగుపరచడం కూడా.

పదవివరణ

తెలుగునాట "నర్సింగ్ హోమ్" అనే మాటకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం. పాశ్చాత్య దేశాలలో అదే మాట దీర్ఘకాలం ఇతరుల సహాయంతో జీవించవలసిన వృద్ధుల నివాసాన్ని సూచిస్తుంది. దీనికి తెలుగులో దగ్గరగా ఉన్న పదం వృద్ధాశ్రమం. అయితే తెలుగు రాష్ట్రాలలోని వృద్ధాశ్రమాలన్నీ ఒకే రకమైనవి కావు. కొన్ని స్వచ్ఛంద సంస్థల ఆధ్వర్యంలో నిరాశ్రయులకు ఉచితంగా నడిచేవి. కొన్ని నెలసరి రుసుము తీసుకొనేవి. మరికొన్ని మంచం పట్టినవారికి, మతిమరుపు వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకించినవి. ఈ వ్యాసం వీటన్నింటికీ ఉమ్మడిగా వర్తించే విషయాలను, వేముల, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలతో కూడిన కడప జిల్లా ఆహారపు అలవాట్ల నేపథ్యంలో వివరిస్తుంది.

నేపథ్యం

తెలుగు సమాజంలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం గొప్ప పుణ్యకార్యంగా పరిగణించబడుతుంది. గోదావరి జిల్లాలోని లంకల గన్నవరంలో నిత్యాన్నదానం చేసిన డొక్కా సీతమ్మ (1841–1909) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. కడప జిల్లాలో అవధూత కాశినాయన పేరిట వెలసిన ఆశ్రమాలు అన్నదానానికి పేరుపొందాయి. జిల్లాలో ఒక మండలానికి కూడా ఆయన పేరే ఉన్నది.

తెలుగు ప్రాంతంలోని అనేక వృద్ధాశ్రమాలు ఈ అన్నదాన సంప్రదాయం నుండే స్ఫూర్తి పొందాయి. అయితే సత్రానికీ వృద్ధాశ్రమానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. సత్రంలో అతిథి ఒకటి రెండు పూటలు తిని వెళ్ళిపోతాడు. వృద్ధాశ్రమంలో నివాసి మూడు పూటలా, కొన్నిసార్లు చివరి శ్వాస వరకు అక్కడే తింటాడు. అన్నదానంలో ఎంతమంది తిన్నారనేది లెక్క. వృద్ధాశ్రమంలో ఒక్కొక్కరూ ఎంత తిన్నారనేది లెక్క.

ఉద్యోగాల కొరకు బెంగుళూరు, హైదరాబాదు నగరాలకు, అమెరికాకు, ఉమ్మడి కడప జిల్లా నుండి పెద్ద సంఖ్యలో కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వలసలు జరగడంతో పల్లెలలోనూ పట్టణాలలోనూ పెద్దవారు ఒంటరిగా మిగిలిపోవడం పెరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 60 సంవత్సరాలు నిండినవారు సుమారు 10.4 కోట్లు, అంటే మొత్తం జనాభాలో 8.6 శాతం. 2017-18లో నిర్వహించిన దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం మొదటి విడతలో 60 ఏళ్ళు దాటినవారిలో నాలుగవ వంతుకు పైగా ఉండవలసిన బరువు కంటే తక్కువ బరువు ఉన్నట్లు తేలింది. వృద్ధాశ్రమంలో చేరే నాటికే పలువురు పోషకాహార లోపంతో ఉంటారనడానికి ఇది ఒక సూచన.

పెద్దలు తక్కువ తినడానికి కారణాలు

శారీరక కారణాలు

వయస్సు పెరిగేకొద్దీ రుచి, వాసన తెలిసే శక్తి తగ్గుతుంది. కడుపు త్వరగా నిండినట్లు అనిపిస్తుంది. దాహం తెలియదు. పళ్ళు ఊడిపోవడం, వదులైన కట్టుడు పళ్ళు, నోటి పూత, మలబద్ధకం, కీళ్ళ నొప్పులు తిండిని తగ్గిస్తాయి. చేత్తో అన్నం కలుపుకోవడానికి వ్రేళ్ళలో పట్టు కావాలి. కీళ్ళవాతం, వణుకుడు వ్యాధి, పక్షవాతం ఉన్నవారికి ఇది కష్టమైన పని. కొన్ని మందులు నోరు ఎండిపోయేలా లేదా ఆకలి మందగించేలా చేస్తాయి.

రక్తపోటు, మధుమేహం పేరుతో ఏళ్ళ తరబడి అందరికీ ఒకే రకమైన చప్పిడి కూడు పెట్టడం కూడా తిండి తగ్గడానికి ఒక కారణం. దీర్ఘకాలిక సంరక్షణలో ఉన్న వృద్ధులకు కఠినమైన పథ్యాలను సడలించడం మేలని అమెరికా ఆహార నిపుణుల సంఘం 2005లోనూ, 2010లోనూ ప్రకటించింది. బక్కచిక్కిపోతున్న ఎనభై యేళ్ళ వ్యక్తికి ఉప్పు వలన కలిగే హాని కంటే తినకపోవడం వలన కలిగే హాని ఎక్కువ కావచ్చును. అయితే ఈ నిర్ణయం వైద్యుని సలహాపై ఆధారపడాలి.

మానసిక, సామాజిక కారణాలు

భర్త లేదా భార్య మరణం, పిల్లల ఎడబాటు, ఇల్లు విడిచి వచ్చిన దిగులు ఆకలిని చంపుతాయి. "తినను" అనే మాట వెనుక దిగులు వ్యాధి ఉండవచ్చును. జీవితమంతా ఇంటిల్లిపాదికీ వడ్డించి చివరన తినే అలవాటున్న స్త్రీలకు ఒకరు వడ్డిస్తుంటే కూర్చొని తినడం బెరుకుగా ఉంటుంది. మారు అడగడం తిండిపోతుతనమని భావించి, చాలకపోయినా చేయి కడుక్కొనేవారు కలరు. ఉచిత ఆశ్రమాలలో ఈ మొహమాటం మరింత ఎక్కువ. అడిగితే ఏమనుకుంటారోనన్న భయం కూడా దీనికి తోడవుతుంది.

నిర్వహణకు సంబంధించిన కారణాలు

సిబ్బంది కొరత వలన వడ్డన, తినిపించడం, పాత్రలు తీయడం అన్నీ తొందరలో జరుగుతాయి. సహాయం లేకుండా తినలేని ఒక వ్యక్తికి నెమ్మదిగా తినిపించడానికి సాధారణంగా అరగంట నుండి ముప్పావు గంట పడుతుంది. పదిమందికి ఒక్కరే తినిపించవలసి వస్తే ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే దక్కుతాయి. పళ్ళెం నిండుగా వెనక్కి వెళ్ళినా "ఈ పూట ఆకలి లేదట" అని సరిపెట్టుకోవడం జరుగుతుంది. ప్రతి పూట జరిగే ఈ చిన్న లోపం కొన్ని నెలలలో బరువు తగ్గడంగా, పడిపోవడంగా, మానని పుండ్లుగా బయటపడుతుంది.

పోషకాహార అవసరాలు, లోపం గుర్తింపు

భారతీయుల ఆహార ప్రమాణాలను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందిస్తున్నది. ఈ సంస్థ 1918లో కూనూరులో ప్రారంభమై తరువాత హైదరాబాదుకు తరలి వచ్చింది. పెద్దలకు రోజుకు శరీర బరువులో కిలోకు సుమారు 30 కిలో కేలరీల శక్తి, కనీసం 1 గ్రాము మాంసకృత్తులు అవసరమని ఐరోపా క్లినికల్ పోషకాహార సంఘం సూచించింది. ఈ లెక్కన 50 కిలోల వ్యక్తికి రోజుకు 1,500 కిలో కేలరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అన్నం, పలుచని చారు ప్రధానమైన భోజనంలో శక్తి లభించినా మాంసకృత్తులు చాలవు.

పోషణ లోపాన్ని ముందుగా గుర్తించడానికి సంక్షిప్త పోషణ మూల్యాంకనం అనే ప్రశ్నావళి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దీని చిన్న రూపంలో మొత్తం 14 మార్కులు ఉంటాయి.

12 నుండి 14: సాధారణ స్థితి
8 నుండి 11: లోపం వచ్చే ప్రమాదం
0 నుండి 7: పోషకాహార లోపం

ఎత్తు, బరువు కొలవడానికి వీలుకాని మంచం పట్టినవారికి పిక్క చుట్టుకొలతను తీసుకుంటారు. అది 31 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండటం లోపానికి సూచన. ఇందుకు దర్జీలు వాడే టేపు చాలు. నెలకొకసారి బరువు తూచి వ్రాసి ఉంచడం అన్నింటికంటే సులభమైన పద్ధతి. ఒక నెలలో 5 శాతం, లేదా ఆరు నెలలలో 10 శాతం బరువు అకారణంగా తగ్గితే వైద్యుని సంప్రదించాలి. 50 కిలోల వ్యక్తి నెలలో రెండున్నర కిలోలు తగ్గడం తేలికగా తీసుకోదగినది కాదు.

మెరుగుపరచే పద్ధతులు

కుటుంబ తరహా భోజనం

నెదర్లాండ్స్‌లోని ఐదు వృద్ధుల సంరక్షణ గృహాలలో 178 మంది నివాసులపై ఆరు నెలలు జరిపిన పరిశోధన 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఒక వర్గానికి ముందుగానే పళ్ళెంలో అమర్చిన భోజనం అందించారు. రెండవ వర్గానికి బల్లపై గిన్నెలు ఉంచి, ఇష్టమైనది వడ్డించుకొనే వీలు కల్పించి, సిబ్బంది వారితో కలిసి కూర్చున్నారు. ఆ సమయంలో మందుల పంపిణీ, శుభ్రపరచే పనులు, సందర్శనలు ఆపివేశారు. ఆరు నెలల తరువాత రెండవ వర్గంవారి జీవన నాణ్యత, శారీరక సామర్థ్యం, బరువు మొదటి వర్గం కంటే మెరుగ్గా ఉన్నాయి. బరువులో సగటు తేడా సుమారు ఒకటిన్నర కిలోలు.

ఈ పరిశోధన చెప్పినది తెలుగువారికి కొత్త విషయం కాదు. పంక్తి భోజనంలో కూర్చున్నవారి విస్తరి చూస్తూ, వద్దన్నా కొసరి కొసరి వడ్డించి, మారు అడిగే పని లేకుండా చేయడం తెలుగు వడ్డన మర్యాద. పెళ్ళిపందిరిలో పాటించే ఈ మర్యాదను ప్రతిరోజూ పాటించడమే ఇక్కడి సూత్రం. ఒకేసారి పళ్ళెం నిండా పెడితే పెద్దవారికి చూడగానే వెగటు పుడుతుంది. కొద్దికొద్దిగా పెట్టి రెండు మూడు సార్లు మారు వడ్డిస్తే ఎక్కువ తింటారు.

తెలుగు భోజనంలో పప్పు, కూర, పులుసు తరువాత చివరన పెరుగు వస్తుంది. త్వరగా కడుపు నిండే పెద్దలు ఆ వరుసలో పెరుగు దాకా రాకుండానే లేచిపోతారు. అటువంటివారికి పెరుగును భోజనం ఆరంభంలోనే ఇవ్వడం, లేదా సాయంత్రం అల్పాహారంగా వేరుగా ఇవ్వడం మేలు. 2021లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో 60 సంరక్షణ గృహాలలోని ఏడు వేల మందికి పైగా నివాసులను రెండేళ్ళపాటు పరిశీలించారు. పాలు, పెరుగు, జున్ను అదనంగా ఇచ్చిన గృహాలలో ఎముకలు విరగడం 33 శాతం, పడిపోవడం 11 శాతం తగ్గింది.

వేళలు

చాలా ఆశ్రమాలలో వంటవారి సౌకర్యం కొరకు రాత్రి భోజనం త్వరగా ముగిస్తారు. సాయంత్రం ఆరున్నరకు తిన్న వ్యక్తికి మరునాడు ఉదయం తొమ్మిదికి అల్పాహారం ఇస్తే మధ్యలో పద్నాలుగున్నర గంటల ఉపవాసం అవుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం రాత్రి భోజనానికీ మరునాటి ఉదయపు ఆహారానికీ మధ్య 14 గంటలు మించరాదు. నిద్రకు ముందు తగినంత అల్పాహారం ఇస్తే 16 గంటల వరకు అనుమతి ఉన్నది. పడుకొనే ముందు గ్లాసెడు పాలు, ఉదయం లేవగానే రాగి జావ ఇవ్వడం ఈ లోటును తక్కువ ఖర్చుతో తీరుస్తుంది.

బల్ల, పళ్ళెం, వెలుతురు

మోకాళ్ళ నొప్పులున్నవారికి నేలమీద పంక్తి భోజనం శిక్షగా మారుతుంది. పాదాలు నేలకు ఆనే ఎత్తులో కుర్చీ, మోచేతులు ఆనే ఎత్తులో బల్ల ఉండాలి. శుక్లాలు, మతిమరుపు వ్యాధి ఉన్నవారికి తెల్లని పళ్ళెంలో తెల్లని అన్నం సరిగా కనిపించదు. 2004లో ప్రచురితమైన ఒక చిన్న అమెరికా పరిశోధనలో ముదిరిన అల్జీమర్స్ వ్యాధి ఉన్న తొమ్మిది మంది పురుషులకు తెల్లని పాత్రలకు బదులు ఎర్రని పాత్రలలో వడ్డించగా వారు తిన్న ఆహారం సుమారు 25 శాతం, తాగిన ద్రవాలు 84 శాతం పెరిగాయి. పరిశీలించినవారి సంఖ్య తక్కువైనా దీనిని అమలుచేయడానికి పెద్ద ఖర్చు లేదు. తెల్లని అన్నం స్పష్టంగా కనిపించడానికి అరిటాకు కూడా ఇటువంటి రంగు తేడానే ఇస్తుంది. అరటి తోటలకు పేరున్న పులివెందుల ప్రాంతంలో అరిటాకు దొరకడం కష్టం కాదు.

చేయి పనిచేసేవారిని చెంచాకు అలవాటు చేయనవసరం లేదు. మతిమరుపు వ్యాధి ఉన్నవారికి చేత్తో పట్టుకొని తినగల ఆహారం ఇవ్వాలని పాశ్చాత్య సంస్థలు సిఫారసు చేస్తున్నాయి. తెలుగువారు పుట్టుకతోనే చేత్తో తినే అలవాటున్నవారు. అన్నం ముందే కలిపి చిన్న ముద్దలుగా చేసి పళ్ళెంలో ఉంచితే, కలుపుకోలేనివారు కూడా తమ చేత్తో తామే తినగలుగుతారు. తన చేత్తో తాను తినగలగడం అభిమానానికి సంబంధించిన విషయం కాబట్టి, ఆ శక్తి ఉన్నంతవరకు ఇతరులు తినిపించరాదు.

తినిపించే పద్ధతి

తినిపించేవారు నిలబడకుండా ఎదురుగా, కంటి ఎత్తులో కూర్చోవాలి. ముద్ద ఏమిటో చెప్పి పెట్టాలి. మింగినట్లు చూసిన తరువాతనే రెండవ ముద్ద పెట్టాలి. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వరుసగా తినిపించడం, పప్పు, కూర, పెరుగు అన్నీ కలిపి ఒకే ముద్దగా చేసి పెట్టడం తగదు. అది త్వరగా ముగుస్తుంది కాని తినేవారికి దేని రుచీ తెలియదు. పెద్దలను చిన్నపిల్లలవలె బుజ్జగించడం, ఏకవచనంలో పిలవడం కొందరికి కష్టం కలిగిస్తుంది. వారు కోరిన విధంగా "అవ్వా", "తాతా", "అమ్మా", "పెద్దాయనా" అని పిలవడం, "మీరు" అనడం మర్యాద.

పొలమారడం, మింగుడు సమస్యలు

తినేటప్పుడు ఆహారం లేదా నీరు గాలిగొట్టం వైపు పోయి దగ్గు రావడాన్ని తెలుగులో పొలమారడం అంటారు. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని లోకంలో ఒక నమ్మకం. ఎప్పుడో ఒకసారి జరిగితే అది సహజమే. ప్రతి పూటా జరిగితే మాత్రం మింగే కండరాలు బలహీనపడ్డాయనడానికి సూచన. పక్షవాతం, వణుకుడు వ్యాధి, మతిమరుపు వ్యాధి ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఆహారం ఊపిరితిత్తులలోకి చేరితే న్యుమోనియా వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చును. క్రింది లక్షణాలు కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి.

తినేటప్పుడు, తాగేటప్పుడు తరచుగా దగ్గు
తిన్న తరువాత గొంతు గురగురమనడం
పుక్కిట్లో అన్నం నిలిచిపోవడం
తిండి పూర్తికావడానికి మునుపటి కంటే చాలా ఎక్కువ సమయం పట్టడం
మాటిమాటికీ జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం

ఇటువంటివారిని నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. పడుకోబెట్టి ఏదీ నోట్లో పోయరాదు. భోజనం తరువాత అరగంట వరకు కూర్చొనే ఉంచాలి. 2013లో ఏర్పడిన ఒక అంతర్జాతీయ బృందం మింగుడు సమస్యలున్నవారి ఆహార, పానీయాలను 0 నుండి 7 వరకు స్థాయిలుగా వర్గీకరించింది. పానీయాలు 0 నుండి 4 వరకు, ఆహారాలు 3 నుండి 7 వరకు ఉంటాయి. నాలుగవ స్థాయి పలుకు లేకుండా రుబ్బినది. ఐదవది 4 మిల్లీమీటర్లకు మించని పలుకులతో తడిగా ఉండేది. ఆరవది ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు మెత్తని ముక్కలు. ఎవరికి ఏ స్థాయి ఆహారం తగినదో నిపుణులు పరీక్షించి నిర్ణయిస్తారు.

తెలుగు వంటకాలలో కొన్నింటి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పలుచని మజ్జిగలో అన్నం తేలే మజ్జిగన్నం పెద్దలకు తేలిక ఆహారమని భావిస్తారు. కాని నోట్లో నీరు ఒక వేగంతో, మెతుకులు మరొక వేగంతో కదలడం వలన మింగుడు సమస్య ఉన్నవారికి ఇది త్వరగా పొలమారుతుంది. మెత్తగా మెదిపిన చిక్కని పెరుగన్నం దీనికంటే సురక్షితం. పొడి బొరుగులు, వేయించిన వేరుశనగ గింజలు, పొడిపొడిగా ఉండే అటుకులు వీరికి పనికిరావు. గొంతులో అడ్డుపడి ఊపిరాడనప్పుడు వీపుపై భుజాల మధ్య అరచేతితో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. ఫలితం లేకపోతే పొట్టపై ఐదుసార్లు లోనికి, పైకి నొక్కాలి. 108కు ఫోన్ చేయాలి. ఈ ప్రథమ చికిత్స వడ్డించే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

నోటి శుభ్రత

నోరు శుభ్రంగా లేనిచోట తిండి సహించదు. జపానులోని 11 సంరక్షణ గృహాలలో 417 మందిపై రెండేళ్ళు జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో, ప్రతి భోజనం తరువాత నోరు శుభ్రపరచిన వర్గంలో న్యుమోనియా తక్కువగా కనిపించింది. పళ్ళు లేనివారికి కూడా తడి గుడ్డతో చిగుళ్ళు, నాలుక తుడవాలి. కట్టుడు పళ్ళను రాత్రి తీసి కడిగి నీటిలో ఉంచాలి.

నీరు

కడప జిల్లాలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి. పెద్దలకు దాహం తెలియకపోవడమే కాక, రాత్రి మూత్రానికి లేవవలసి వస్తుందని నీరు మానుకోవడం సాధారణం. ఐరోపా మార్గదర్శకాలు రోజుకు స్త్రీలకు కనీసం 1.6 లీటర్లు, పురుషులకు 2 లీటర్ల పానీయాలు సూచిస్తాయి. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారికి ఈ పరిమితి వేరు. కుండనీళ్ళు మంచం దగ్గర ఉంచితే చాలదు. గంట గంటకూ చేతికి అందించాలి. నీటితో పాటు మజ్జిగ, పలుచని జావ, చీనీకాయ రసం మార్చి మార్చి ఇవ్వవచ్చును. రాత్రివేళ మరుగుదొడ్డి దారిలో దీపం, పట్టుకొనే కడ్డీ ఉంటే నీరు తాగడానికి వెనుకాడరు.

కడప జిల్లా ఆహారపు అలవాట్లు

వేముల మండలం పులివెందుల ప్రాంతానికి చెందినది. వర్షాభావ ప్రాంతమైన ఇక్కడ వేరుశనగ, అరటి, చీనీ (బత్తాయి) ముఖ్యమైన పంటలు. ఇప్పుడు ఎనభై యేళ్ళు దాటిన తరంవారు జొన్న సంగటి, రాగి సంగటి, కొర్రన్నం తిని పెరిగినవారు. వరి అన్నం ఆ రోజులలో పండుగలకు, బంధువులు వచ్చినప్పుడు వండే ఆహారం. మతిమరుపు వచ్చి ఈనాటి సంగతులు గుర్తులేనివారు కూడా చిన్ననాటి వంట వాసనను గుర్తుపట్టడం కలదు. అందువలన ఇడ్లీ, అన్నం, సాంబారు మాత్రమే ఉండే పట్నపు పట్టికకు బదులు ఈ వంటలకు చోటివ్వడం ఆకలిని పెంచే మార్గాలలో ఒకటి.

రాగి సంగటి నమలవలసిన అవసరం లేకుండా నెయ్యి, పప్పు లేదా పులుసులో ముంచి మింగే ఆహారం. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పళ్ళు లేని పెద్దలకు ఇది బాగా అనువైనది. అయితే గట్టిగా కట్టిన ముద్ద జిగురుగా గొంతుకు అంటుకొనే ప్రమాదం ఉన్నది. మింగుడు సమస్య ఉన్నవారికి సంగటి పెట్టే ముందు చెంచాను వంచి చూడాలి. ముద్ద చెంచాకు అంటుకోకుండా జారిపడితే తగినంత మెత్తగా ఉన్నట్లు. అంటుకుంటే పప్పుకట్టు చేర్చి సడలించాలి. అన్నపు పలుకులు ఉన్న సంగటిని రుబ్బిన ఆహారంగా లెక్కించరాదు.

వేరుశనగలో నాలుగవ వంతు మాంసకృత్తులే. గింజలుగా కాక మెత్తగా నూరిన పచ్చడిగా, పొడిగా, ఉడికించి మెదిపిన ముద్దగా ఇస్తే పప్పుతో సమానమైన పోషణ లభిస్తుంది. నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాణి మెత్తగా ఉండే అల్పాహారం. మింగడంలో ఇబ్బంది లేనివారికి ఇది అనుకూలం. సీమ వంటలలో కారం ఎక్కువ. కడుపుమంట ఉన్నవారికి కారం తగ్గించినప్పుడు నిమ్మరసం, చింతపండు, జీలకర్ర, కొత్తిమీర, ఇంగువ వాడకం పెంచితే రుచి పోకుండా ఉంటుంది.

ఏకాదశి, శనివారపు ఉపవాసాలు, కార్తీక మాసపు నియమాలు, ముస్లిము పెద్దల రంజాన్ ఉపవాసాలు, మాంసాహార, శాకాహార భేదాలు గౌరవించవలసినవి. ఒకరి నియమాన్ని అందరిపై రుద్దడం తగదు. చాలా ఆశ్రమాలు పూర్తిగా శాకాహారాన్నే వండుతాయి. ఆదివారం మాంసం తినే అలవాటుతో జీవించినవారికి కనీసం గుడ్డు పెట్టే వీలు ఉన్నదేమో నిర్వాహకులు ఆలోచించవచ్చును.

ఆకుకూర వలవడం, వేరుశనగ కాయలు ఒలవడం, బియ్యం ఏరడం వంటి పనులలో ఇష్టమున్న నివాసులను కలుపుకుంటే భోజనం తమదనే భావన కలుగుతుంది. వారానికొకసారి నివాసులను కూర్చోబెట్టి ఏమి వండాలో అడగడం ఖర్చు లేని మేలు.

దాతల భోజనం

పుట్టినరోజు, పెళ్ళిరోజు, తల్లిదండ్రుల వర్ధంతి సందర్భాలలో వృద్ధాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం తెలుగు పట్టణాలలో ఆచారంగా మారింది. అనేక ఉచిత ఆశ్రమాలకు ఇదే ముఖ్యమైన ఆధారం. అయితే దీని వలన కొన్ని ఇబ్బందులు ఏర్పడతాయి. ఆదివారాలు, పండుగలలో ఒకేరోజు ఇద్దరు ముగ్గురు దాతలు రావడం, మిగిలిన రోజులలో ఎవరూ రాకపోవడం ఒకటి. మిఠాయిలు, నూనె వంటలు, బిర్యానీ వంటివి మధుమేహులకు, అరగని వారికి పెట్టడం మరొకటి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది వేళ తప్పడం. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకున్న వ్యక్తి దాత రాక కొరకు, ప్రసంగాల కొరకు, ఫోటోల కొరకు విస్తరి ముందు వేచి ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. దాత వచ్చినా రాకపోయినా నియమిత వేళకు భోజనం ప్రారంభించడం ఆశ్రమ నియమంగా ఉండాలి. అన్నం ముందు పెట్టుకొని ఫోటోకు కూర్చోవలసి రావడం పెద్దల ఆత్మగౌరవానికి కూడా సంబంధించినది. వారి అనుమతి లేకుండా చిత్రాలు తీయరాదు.

దాతలు వండిన భోజనానికి బదులు కందిపప్పు, గుడ్లు, పాలు, రాగులు, పండ్లు సమకూర్చడం, లేదా ఒక నెల పాలఖర్చు భరించడం ఎక్కువ ప్రయోజనకరం. వచ్చినవారు వడ్డించి వెళ్ళిపోకుండా పంక్తిలో పెద్దల ప్రక్కన కూర్చొని తినడం వారికి మరింత సంతోషాన్నిస్తుంది.

చట్టం

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో చేయబడింది. ఈ చట్టం "పోషణ" అనే పదానికి ఆహారం, వస్త్రం, నివాసం, వైద్యం అని అర్థం చెప్పింది. 19వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు దశలవారీగా ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే వృద్ధాశ్రమాన్ని ఒక్కటైనా నెలకొల్పవచ్చును. అదే సెక్షను ఆశ్రమాల ప్రమాణాలను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రానికి ఇచ్చింది. అక్కడ వైద్య సంరక్షణ, వినోద సాధనాల ప్రస్తావన ఉన్నది గాని, భోజనం ప్రస్తావన విడిగా లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చట్టం క్రింద 2011లో నియమావళిని రూపొందించింది.

ఈ చట్టాన్ని సవరించడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక బిల్లు ప్రవేశపెట్టబడింది. అందులో సంరక్షణ గృహాల నమోదు, కనీస ప్రమాణాలు ఉన్నాయి. 2024లో ఆ సభ కాలం ముగిసే నాటికి అది చట్టం కాలేదు. వయోవృద్ధుల సమస్యలపై సలహాలకు, ఫిర్యాదులకు 14567 అనే ఉచిత టెలిఫోన్ సేవ 2021 నుండి దేశవ్యాప్తంగా ఉన్నది.

పరిమితులు

పైన చెప్పిన పరిశోధనలలో అధికభాగం ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, జపాను దేశాలలో జరిగినవి. అక్కడి ఆహారం, సిబ్బంది సంఖ్య, ఆదాయం వేరు. భోజన సమయంలో ఇతర పనులన్నీ ఆపివేసే పద్ధతిని 2000ల దశాబ్దిలో బ్రిటన్ ఆసుపత్రులలో ప్రవేశపెట్టారు. ఆ నియమం ఒక్కటే తిండిని పెంచుతుందనడానికి ఆధారాలు బలంగా లేవు. ఖాళీ అయిన ఆ సమయంలో ఎవరైనా వచ్చి ప్రక్కన కూర్చున్నప్పుడే ప్రయోజనం ఉంటుంది.

అలాగే ఎంత శ్రద్ధ చేసినా తిండి తగ్గిపోయే దశ ఒకటి ఉన్నది. మతిమరుపు వ్యాధి బాగా ముదిరినవారికి ముక్కు గొట్టం లేదా పొట్ట గొట్టం ద్వారా ఆహారం ఎక్కించడాన్ని అమెరికా వృద్ధవైద్య సంఘం 2014లో సిఫారసు చేయలేదు. గొట్టం వలన ఆయుష్షు పెరగడం గాని, న్యుమోనియా తగ్గడం గాని కనిపించలేదు. దానికి బదులు చేత్తో జాగ్రత్తగా, తిన్నంత తినిపించడం మేలని సూచించింది. ఆ దశలో పెట్టిన ప్రతి ముద్ద లెక్క కంటే, పెట్టే మనిషి దగ్గర ఉండటం ముఖ్యమవుతుంది. బలవంతంగా నోట్లో కుక్కరాదు. పెదవులు తడిపి, నోరు శుభ్రంగా ఉంచితే చాలు.

ఇవి కూడా చూడండి

వృద్ధాశ్రమం
అన్నదానం
డొక్కా సీతమ్మ
రాగి సంగటి
జాతీయ పోషకాహార సంస్థ
అల్జీమర్స్ వ్యాధి
వేముల మండలం
కడప జిల్లా